చూసేది గాంధీ గారి ఫొటోనే

మనిషి ఎవరో తేల్చుకోకుండా విశాఖలో ఏ పనీ సాగదు. ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను పాసు చూస్తాడు, పాసులో మొహం చూస్తాడు, మళ్ళీ మన మొహం చూస్తాడు. పోర్టు గేటూ అంతే. సిమ్ కార్డుకి ఆధార్, లాడ్జిలో గదికి ఆధార్. ఇన్ని కళ్ళున్న ఊళ్ళో మందు షాపు కిటికీకే చూపు లేదు. ఊచల్లోంచి చెయ్యి లోపలికి పోతుంది, సీసా బయటికొస్తుంది. చేతికి వయసేటి?

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాడికి మద్యం అమ్మకూడదు. షాపువాళ్ళని అడిగి చూడండి, "కుర్రాళ్ళకి మేం అమ్మం సార్" అంటారు. నిజమే, వాళ్ళ లెక్కలో కుర్రాడన్నవాడే లేడు. మీసం మొలవని గుంటడైనా నోటు చాపగానే "ఏటి కావాలి గురూ" అయిపోతాడు. ఆ నోటుని మాత్రం వెలుతురుకెత్తి ఇటూ అటూ తిప్పి చూస్తారు. మొత్తం బేరంలో పరీక్షకి నిలబడే ఫొటో గాంధీ గారిదొక్కటే. ఫోన్‌పే వచ్చాక ఆయన్నీ వదిలేశారు. 2019లో షాపులు సర్కారు చేతికొచ్చాయి, 2024లో మళ్ళీ ప్రైవేటుకి పోయాయి. బ్రాండ్లు మారాయి, రేట్లు మారాయి. కిటికీకి మాత్రం ఎవరూ కళ్ళజోడు పెట్టలేదు.

కిళ్ళీ బడ్డీలది ఇంకో వైభవం. 18 ఏళ్ల లోపువారికి పొగాకు అమ్మడం నేరమని అరవై సెంటీమీటర్లకి ముప్పై సెంటీమీటర్ల బోర్డు పెట్టాలి. పెట్టినచోట దాని మీద చిప్స్ ప్యాకెట్ల దండ వేలాడుతుంది, దండ పక్కన తాడుకి కట్టిన లైటరు. కొన్నవాడు మైనరు కాదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాడే. అనుమానమొస్తే రుజువు అడగొచ్చు. అనుమానం రావాలి కదా! స్కూలు యూనిఫాంలో వచ్చినవాడు "మా నాన్నకి" అంటాడు. విచారణ సమాప్తం.

శిక్షల సంగతి మరీ విచిత్రం. 2003 పొగాకు చట్టం ఈ నేరానికి వేసే వెల మహా అయితే 200 రూపాయలు. అదే పనికి 2015 బాలల న్యాయ చట్టం ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటుంది. బడి చుట్టూ వంద గజాల్లో అమ్మకూడదన్నది మరో రూలు. ద్వారకానగర్‌లో ప్రతి కోచింగ్ సెంటరు చుట్టూ ఆ గీత గీస్తే బడ్డీలన్నీ సముద్రంలో పెట్టుకోవాలి.

వయసు అంకెలూ ఊరికో తీరు. యానాంలో 18 నిండితే మందు పోస్తారు, మనకి 21. ఓటుకి మాత్రం ఎక్కడైనా 18. మరి పోలింగు ముందు రాత్రి పంచే క్వార్టరు సంగతో? పంతొమ్మిదేళ్ల ఓటరు గుమ్మంలో నిలబడ్డ పార్టీ కార్యకర్త ఏం చెయ్యాలి? అతని చేతిలో ఓటర్ల జాబితా ఉంటుంది. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వయసు, అన్నీ చూసుకునే సీసా చేతిలో పెడతాడు. ఎదుటివాడి వయసు పక్కాగా తెలుసుకుని మందు ఇచ్చేది ఈ రాష్ట్రంలో అతనొక్కడే.