ఏసీ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఎండ మండె నాన్న! యేసి వేయుము వేగ
పదియు నెనిమిదనిన పరమసుఖము
దుప్పటొకటి తెచ్చి తోడుగా నిడవయ్య
చలికి నోర్వలేను చచ్చిపోదు

ప్రతిపదార్థం: నాన్న = ఓ కుమారా; వేగ = నేను చెప్పులు విడిచేలోగా; యేసి = ఏసీని (గణం కోసం కుదించిరి); పదియు నెనిమిది అనిన = 18 డిగ్రీలన్నచో; పరమసుఖము = బిల్లు వచ్చుదాకా సుఖము; చచ్చిపోదు = చలిచేత అని అన్వయం. బిల్లుచేత అని కొందరు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: ‘వేగ’ను రెండో పాదంతో కలిపి, అంకె తగ్గిస్తే గది త్వరగా చల్లబడునని కొందరి వ్యాఖ్య. అది చెల్లదు. పాతరకం ఏసీలో కంప్రెసర్ 18 అన్నా 24 అన్నా ఒకే ఊపున తిరుగుతుంది. తేడా అంతా ఎప్పుడు ఆగుతుందన్న దగ్గరే. బయట 42 ఉన్న రోజున, స్లాబు కాగిన మేడమీది గదిలో, 18 పెడితే దానికి ఆగే యోగమే లేదు. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడ్డాక నెమ్మదించాలి. ఆ నెమ్మదించే ఘడియే రానివ్వకపోతే ఇన్వర్టరని ఎక్కువ పోసి కొన్నదెందుకు?

ప్రమాణం: డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాక్యం. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు 24తోనే మొదలవ్వాలన్నది కేంద్ర ప్రభుత్వ నియమం. కనుక కవిగారి కుమారుడు బటన్ ఆరుసార్లు నొక్కెనని ధ్వని.

శాతాల లెక్క కూడా తెలంగాణలో గృహజ్యోతి ఉన్న ఇంట చాలదు. అక్కడ నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. దాటిన నెల మొత్తానికీ కట్టాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఆగకుండా తిరిగితే గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు, రాత్రికి ఎనిమిది గంటలైతే 12. ఫ్రిజ్జు, మోటారు, టీవీ లెక్కలోకి రాకముందే పదిహేడో రాత్రికి 200 దాటుతుంది.

అలంకారం: చలి కావాలనుట, చలికి ఓర్వలేననుట. విరోధాభాస అని చెప్పవచ్చు గానీ, ఆభాస ఎక్కడుంది? అంతా విరోధమే.

సవరణ: రెండు, మూడు పాదాలను ఇలా దిద్దుకోవాలి.

ఇరువదాఱ నిడిన నిదియె సుఖము
ఫ్యాను కూడ వేయు పడుకొందు హాయిగా

యతి కుదిరింది, గణాలూ కుదిరాయి. ఇల్లాలు ఆమోదించింది. ఇక నాలుగో పాదానికి పనిలేదు గానీ, కవిగారు దాన్నే పట్టుకుని కూర్చున్నారు.