తాతగారి తివాచీకి తలంటు

తివాచీ కడిగించడానికి శ్రావణాన్ని మించిన మాసం లేదు. కలకత్తాలో ఏడాది మొత్తానికి పడే 1,800 మిల్లీమీటర్ల చిల్లర వానలో చాలా భాగం జూన్‌కీ సెప్టెంబరుకీ మధ్యనే కురుస్తుంది కాబట్టి నీళ్ళకి కరువుండదు. గాలిలో తేమ 80 శాతం దాటి ఉంటుంది కనుక కడిగిన తివాచీ తొందరపడి ఆరిపోతుందేమోనన్న బెంగా అక్కర్లేదు. దుర్గాపూజకి బంధువులు దిగేలోపు హాలు తళతళలాడాలని ఊళ్ళో అందరూ సరిగ్గా ఇప్పుడే ఫోన్లు చేస్తారు. మీరూ చెయ్యండి.

ఇక్కడి బెంగాలీ ఇళ్ళల్లో ఒక చాదస్తం ఉంది. భాద్రపదంలో వాన తెరిపిచ్చి ఎండ గట్టిగా కాసిన రోజు చూసి పట్టుచీరలూ శాలువలూ పుస్తకాలూ మేడమీద ఆరబెడతారు. తివాచీనైతే పొడిగాలి తిరిగే డిసెంబరు, జనవరి దాకా కదపనే కదపరు. అంత ఓపిక ఎవరికుంది?

ఈ సలహాలు ముఖ్యంగా రెండు రకాల ఇళ్ళవారికి. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టువారు 1920ల్లో చిత్తడి నేల తవ్వి చేసిన ఢాకురియా లేక్ ఉంది కదా, 1958 నుంచీ రవీంద్ర సరోబర్ అంటున్నారు, దాని చుట్టూ సదరన్ ఎవెన్యూలోనో లేక్ మార్కెట్ వెనకో, కిటికీ తీస్తే చెరువు గాలి తగిలే ఇళ్ళల్లో ఉండేవారు ఒకరు. ఉత్తర కలకత్తాలో ఆకుపచ్చ ఖడ్‌ఖడీ తలుపులూ ఎర్ర గచ్చు నేలా నడుమ పూజలు చేసే ఠాకూర్ దాలానూ ఉన్న పాత మేడల్లో వాటాకి దిగినవారు రెండోవారు. ఇద్దరికీ తేమ ధారాళం.

మొదటి సూత్రం, మీ తివాచీ పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోకండి. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి గార్డెన్ రీచ్ ఆఫీసులో కొలువు దొరికి వచ్చిన తాతగారు ఒక సెలవులకి ఊరెళ్ళి, మద్రాసు మెయిల్లో తిరిగొస్తూ ఏలూరు తివాచీ ఒకటి చుట్ట చుట్టుకుని తెచ్చారనుకుందాం. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్ళ విద్య అది. అడుగున నూలు పోగు, పైన ఒక్కొక్క ముడిగా కట్టిన ఉన్ని. నాన్నగారు వరంగల్ కొత్తవాడ జంపఖానా తెచ్చారు. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో ముడులే ఉండవు, చదును నేత. భదోహీది ఒకటి అత్తవారిచ్చారు. మాల్‌లో మీరు కొన్న నాలుగోది రబ్బరు జిగురుతో వీపు అంటించిన టఫ్టెడ్ రకం. నాలుగింటికీ నాలుగు వైద్యాలు కావాలనీ, ముడి తివాచీకి చేసినట్టు జిగురు తివాచీకి చేస్తే వీపు ఊడి చేతికొస్తుందనీ చెప్పేవాళ్ళుంటారు. నాలుగూ కాళ్ళ కింద పడుండేవే కదా. ఒకే బకెట్, ఒకే పొడి.

పొడి అంటే బట్టలుతికే పొడే. మన జుట్టూ గోళ్ళూ ఏ మాంసకృత్తుతో తయారవుతాయో ఉన్నీ దాంతోనే తయారవుతుంది. దానికి క్షారం గిట్టదు, పొడిలో ఉండేది క్షారం. మొండిమరకల్ని తినే ఎంజైములు కలిపిన పొడి దొరికితే మరీ మంచిది. అవి ముందు మరకలోని మాంసకృత్తు తింటాయి, అది అయిపోయాక తివాచీ ఎలాగూ ఉంది. ఉన్నికీ పట్టుకీ వాడవద్దని డబ్బా వెనక చీమకాళ్ళంత అక్షరాల్లో వేస్తారు. అవి చదవాలంటే కళ్ళజోడు వెతుక్కోవాలి, వదిలెయ్యండి. ఇంకా తెలుపు కావాలంటే బ్లీచింగ్ ద్రావకం పొయ్యండి. అందులో ఒక ఉన్నిదారం వేసి చూస్తే కాసేపటికి దారం కనపడదు. ఉన్నిని నూలు నుంచి వేరుపరచి గుర్తుపట్టడానికి ప్రయోగశాలలో చేసే పరీక్ష ఇదే. మరక పోతుందని పూచీ.

అమ్మమ్మలు పట్టుచీరలకి కుంకుడు రసం వాడేవారు. కుంకుడుది కాస్త పులుపు గుణం, ఉన్నికీ పట్టుకీ నొప్పి తెలియదు. బాగా కడిగేవాళ్ళు కూడా చివరి నీళ్ళల్లో కొంచెం పుల్లటిది కలుపుతారు, క్షారం విరిగి రంగు నిలుస్తుందని. మీరు కుంకుళ్ళు కొట్టుకుంటూ కూర్చుంటే అపార్ట్‌మెంటులో ఏమనుకుంటారు?

పసుపు సంగతి విడిగా చెప్పాలి. నలుగు పెట్టిన రోజున తివాచీ మీద పసుపు పడకుండా తెలుగు పెళ్ళి జరగదు. పడగానే సబ్బు తీసుకుని గట్టిగా రుద్దండి. పసుపు మచ్చ ఎర్రబడుతుంది. దిష్టి నీళ్ళకి పసుపులో సున్నం కలిపే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ రసాయన శాస్త్రం కొత్త కాదు, అయినా అందరూ ఆశ్చర్యపోతారు. ఎరుపు చూసి కంగారుపడి ఇంకా సబ్బు పెట్టండి. టీ ఒలికినా చేపలపులుసు ఒలికినా పద్ధతి ఒకటే, రుద్దడం. పొడిగుడ్డ పరిచి అరచేత్తో అదిమి పీల్పించడం సోమరుల పని. రుద్దితే మరక పక్కకీ లోపలికీ పాకుతుంది, ఉన్ని అక్కడ ముద్దకడుతుంది, ఆ చోటు ఎప్పటికీ గుర్తుంటుంది.

విజయదశమి సాయంత్రం ఒకరికొకరు సిందూరం పూసుకునే సిందూర్ ఖేలా ఆడి వచ్చిన ఆడవాళ్ళని తిన్నగా తివాచీ మీదే కూర్చోబెట్టండి. పాదాలకి పారాణిలాంటి ఆల్తా ఆరకముందే అయితే మంచిది. ధూపపాత్ర పట్టుకుని ఆడే ధునుచి నాట్యం హాల్లోనే చేయించండి. ధునుచిలో మండేది కొబ్బరిపీచు, పైన గుగ్గిలం. రెండు నిప్పురవ్వలు జారి పడితే ఏడాదంతా పూజ జ్ఞాపకం ఉంటుంది. పైన దుప్పటి పరవమని ఎవరైనా గొణిగితే నవ్వేసి ఊరుకోండి.

ఇక ఆరబెట్టడం. ఈ ఊళ్ళో తివాచీలు మురికితో కాదు, తడితో పోతాయి. అందుకని ఈ అధ్యాయం శ్రద్ధగా చదవండి. ఇంటికే వచ్చి గంటలో షాంపూ చేసి వెళ్ళేవాణ్ణి పిలవండి. అతను యంత్రంతో నురగ పట్టించి, పైపైన పీల్చి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. సాయంత్రం చెయ్యి పెట్టి చూడండి. పొడిగానే తగులుతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తెలియనివ్వదు, అది దాని సుగుణం. కింద ఉన్న నూలు పోగులు మాత్రం నానే ఉంటాయి. మీరు సోఫా ఎత్తించి పైన పెట్టేయించండి. కింద ఎర్ర గచ్చు నేల, వానాకాలంలో అది దానంతటదే చెమరుస్తుంది. జాగ్రత్తపరులు అడుగున ప్లాస్టిక్ షీటు కూడా పరుస్తారు, ఉన్న తడి ఎటూ పోకుండా.

ఒకటి రెండు రోజుల్లో బూజు పని మొదలుపెడుతుంది. నూలులోని గోధుమ రంగు మెల్లగా పైకెక్కి ఉన్ని కొసల్లో తేలుతుంది. వాసనొస్తే సాంబ్రాణి వెయ్యండి. గోడవారగా జరిపితే ఇంకా లాభం. కలకత్తా పాత గోడలకి నోనా పడుతుంది, అంటే మనం చౌడు అనుకునే ఉప్పు, నేల తడి గోడలోకి ఎగబాకి సున్నాన్ని పొట్టు పొట్టుగా రాలుస్తుంది. ఆ పొట్టు తివాచీ అంచులోకి దిగి, గాలిలో తడి తగిలినప్పుడల్లా చెమరుస్తూ ఉంటుంది. రెండేళ్ళాగి తివాచీని మడతపెట్టి చూడండి. అప్పడం విరిగిన చప్పుడొస్తుంది. అడుగు నూలు పుచ్చిపోయిందన్నమాట. పైనుంచి చూస్తే పువ్వులు పువ్వుల్లాగే ఉంటాయి, అదీ దాని గొప్ప.

పురుగు గురించి చింతపడకండి. ఉన్ని తినేది చిమట రెక్కలతో ఎగిరేటప్పుడు కాదు, పిల్లపురుగుగా ఉన్నప్పుడు. దానికి చీకటి, నిశ్శబ్దం, కాస్త దుమ్ము ఉంటే చాలు. పందిరి మంచం కిందా బీరువా కాళ్ళ దగ్గరా ఆ మూడూ సమకూర్చండి. ఏడాదికోసారి సామాను జరిపి, తివాచీ తిరగేసి, వెనకవైపు దులిపితే దానికి నిద్రాభంగం అవుతుంది, పాపం. మీ తృప్తి కోసం హాల్లో నాలుగు మూలలా నాఫ్తలీన్ గోళీలు పెట్టండి. మూత బిగించిన పెట్టెలో తప్ప అవి పురుగుని ఏమీ చెయ్యవు, మనుషులకి మాత్రం తలనొప్పి తెప్పిస్తాయి.

కుచ్చులు చిక్కుపడితే కత్తిరించండి. అవి కుట్టిన అలంకారం కాదు, నిలువు పోగుల కొసలు. అక్కణ్ణించే ముడులు ఒక్కొక్కటీ జారడం మొదలవుతుంది, సెలవు రోజుల్లో పిల్లలకి కాలక్షేపం. కత్తెర లేకపోతే తిరిగే బ్రష్షున్న వాక్యూమ్ క్లీనర్ చాలు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పని తెలిసినవాడు. అతన్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతాను. ఫోనులో ధర చెప్పడు, చూడాలంటాడు. వచ్చాక పువ్వులు చూడకుండా మూల తిరగేసి వెనకవైపు చూస్తాడు. తెల్లగుడ్డ తడిపి ఎరుపు మీద ఒక నిమిషం అదిమి పట్టుకుంటాడు, తర్వాత నీలం మీద, తర్వాత మళ్ళీ ఎరుపు మీద వేరే చోట. గుడ్డకి రంగు అంటిందా లేదా అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తాడు. ఆ ఎరుపు మంజిష్ఠదా, 1856లో పెర్కిన్ ఊదా రంగు కనిపెట్టాక పుట్టుకొచ్చిన సీసా రంగుల్లో ఒకటా అన్నది అతనికి తేలాలి. రంగు దిగేదైతే తడి తగలనివ్వడు. "బౌదీ, దీన్ని ఇక్కడ కడగకూడదు, తీసుకెళ్ళాలి. పదిహేను రోజులు పడుతుంది" అంటాడు. ఎందుకయ్యా అంటే, ముందు దుమ్ము దులపడానికే చాలాసేపు పడుతుందంటాడు. ముడుల మొదట్లో దిగిన ఇసుక తడిస్తే బురద, పొడిగా ఉంటే ప్రతి అడుక్కీ ఉన్నిని కోసే రంపం, అందుకని అది రాలేదాకా నీళ్ళు ముట్టడట. తర్వాత చల్లనీళ్ళు, వెడల్పాటి చెక్కతో నీళ్ళు ముందుకి తోయడం, అదీ నూగు వాలిన వైపుకే. ఆపైన నీడలో, గాలిలో, రెండు వైపులా ఆరడం. వానలైతే ఫ్యాన్లు, తేమ లాగే యంత్రం. ఇంత చాదస్తుడు మీ గుమ్మం దాటకూడదు. "పక్కింటివాళ్ళకి సగం ధరకే గంటలో చేశారు" అనండి, నమస్కారం పెట్టి వెళ్ళిపోతాడు.

చట్టం ఏమైనా అంటుందేమోనని భయపడే పెద్దమనుషులకి ఒక మాట. మీ మేడ కార్పొరేషన్‌వారి వారసత్వ జాబితాలో మొదటి గ్రేడులో ఉంటే దాని ముఖం మార్చడానికి మీకు అధికారం లేదు. నూరేళ్ళు దాటిన కళావస్తువుని 1972 పురావస్తు చట్టం దేశం దాటనివ్వదు. కానీ అదే మేడలో, ఆ నూరేళ్ళ తివాచీని బట్టల పొడిలో నానబెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరికి రంగులు కలిసిపోయి, అంచులు ముడుచుకుపోయి, పిల్లి కూడా పడుకోని స్థితికి వస్తే పాత సామాను వేలం వేసే రస్సెల్ స్ట్రీట్‌కి పంపెయ్యండి. అక్కడ కొనేవాడు మూల తిరగేసి వెనకవైపు చూస్తాడు, ఆ తర్వాత ధర చెబుతాడు. బేరమాడకండి. ఈ సలహాలు తు.చ. తప్పకుండా పాటించిన ఇంట్లో మూడో వానాకాలానికి కడిగించవలసిన తివాచీ ఉండదు. గచ్చుకి తడిగుడ్డ చాలు.