చెంచా తిప్పినవాళ్లదే వంట

అమెరికాలో మనవాళ్ల ఇంటికి వారాంతం విందుకు వెళ్తే, తరిగిన లెట్యూస్ పక్కన ఒక గాజు గిన్నె ఉంటుంది. అందులో తెల్లగా, చిక్కగా, అక్కడక్కడా నీలి పలుకులతో ఒక పదార్థం. దాని పేరు బ్లూ చీజ్ డ్రెస్సింగ్, ఇంటిపేరు హోమ్‌మేడ్. మూత తీయకముందే ఆ ఇంటిపేరు మన చెవిన పడుతుంది. “బయటి సీసా కాదండీ, వాటినిండా కెమికల్సే. మేం ఇంట్లోనే చేసుకుంటాం.”

ఏం చేసుకున్నారో చూద్దాం. మయోనైజ్ సీసా తెరిచారు. సోర్ క్రీమ్ డబ్బా తెరిచారు. ముందే చిదిమి అమ్మే బ్లూ చీజ్ డబ్బా కూడా తెరిచారు. వూస్టర్‌షైర్ సాస్ నాలుగు చుక్కలు వంచి, వెల్లుల్లి పొడి దులిపి, చెంచా తిప్పారు. ఇంత తతంగంలో ఇంటివాళ్లు చేసిన పని ఆ తిప్పడమొక్కటే. కొన్న ఆవకాయను వేడన్నంలో కలుపుకుని “ఈ ఏడు మేమే పెట్టాం” అని ఊళ్లో చెప్పుకుంటే పెద్దవాళ్లు ఒక మాట అనేవారు. డాలస్‌లో ఆ మాట అనే పెద్దలు కరవయ్యారు కాబట్టి ఇది సాగిపోతోంది.

కొన్న సీసా మీద వీళ్ల కోపమల్లా పొటాషియం సార్బేట్ గురించి. అది బూజు పట్టకుండా వేసే మందు. బూజే ప్రాణమైన చీజ్ పక్కన బూజు మందేమిటని నవ్వుతారు. నవ్వాల్సిన విషయమే, కాదనను. కానీ తాము తెచ్చిన చీజ్ డబ్బాను ఒకసారి వెనక్కి తిప్పి చదివితే బాగుండేది. చిదిమి అమ్మే రకాల్లో చాలావాటిలో నాటమైసిన్ ఉంటుంది. అదీ బూజు మందే. పలుకులు ఒకదానికొకటి అంటుకోకుండా చల్లిన సెల్యులోజ్ పొడి ఉంటుంది. అటు మయోనైజ్‌లో నూనె పాడుకాకుండా ఈడీటీఏ వేసేవాళ్లున్నారు. వీధిగుమ్మంలో గెంటేసిన బంధుగణమంతా దొడ్డిగుమ్మంలోంచి వచ్చి పీటలు వాల్చుకుని కూర్చుంది. ఇంటివాళ్లు మాత్రం ఇల్లు ఖాళీగా ఉందనే అనుకుంటున్నారు.

అసలు హాస్యం పండేది శనివారం నాటి విందులో. నీచు ముట్టని అతిథిని చూసి ఇల్లాలు ఆప్యాయంగా “అన్నయ్యగారూ, మీకేం ఇబ్బంది లేదు, సాలడ్ ఉంది” అంటుంది. ఆయనా నిశ్చింతగా రెండు గరిటెలు వేసుకుంటాడు. ఆ గరిటెల్లో ఏముందో ఆయనకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. మయోనైజ్ అంటేనే గుడ్డు. అసలు వూస్టర్‌షైర్ సాస్‌లో ఊరేది ఆంకోవీ చేపలు. చీజ్ ఖరీదైన ఫ్రెంచి రోక్‌ఫోర్ అయితే, ఆ పాలు విరగడానికి వేసిన రెన్నెట్ జంతువు పొట్టలోంచి తీసింది. కోడిని తప్పించుకున్న అన్నయ్యగారు గుడ్డునూ చేపనూ ఆకుల మీద పోసుకుని, గోవిందనామం తలుచుకుని తింటున్నారు. పైగా డైటింగ్ చేస్తున్నానంటారు! అమెరికా నిబంధన ప్రకారం మయోనైజ్ అనిపించుకోవాలంటే బరువులో కనీసం 65 శాతం నూనె ఉండాలి. ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నూటికి 95 పాళ్లు నీళ్లే. నీళ్ల మీద నూనె పోసి తినడాన్ని ఆరోగ్యమంటే నూనెకే నవ్వొస్తుంది. దీనికి భయపడి గ్రీకు పెరుగులో చిటికెడు చీజ్ వేసి ‘లైట్’ అనేవాళ్లున్నారు. ఆ చిటికెడైనా ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇంతకీ ఈ గిన్నెలో రుచి ఎవరి కష్టం? దక్షిణ ఫ్రాన్స్‌లోని రోక్‌ఫోర్ ఊళ్లో కొంబలూ కొండ గుహలున్నాయి. గొర్రెపాల చీజ్‌కు పెనిసిలియం రోక్‌ఫోర్టీ అనే బూజు పట్టించి, లోపలికి గాలి ఆడేలా సూదులతో పొడిచి, అక్కడ పండబెడతారు. మొత్తం 90 రోజులకు తక్కువ కాకుండా ఆగితేగానీ అది బయటికి రాదు. ఆ బూజు పాలకొవ్వును విరిచేకొద్దీ ఆ ఘాటు పుడుతుంది. ఆ చీజ్‌ను పండబెట్టే హక్కును ఆ ఊరివాళ్లకు ఆరో చార్లెస్ రాజు 1411లో రాసిచ్చాడు. 1925లో చట్టం కూడా వచ్చింది. అయోవాలోని న్యూటన్‌లో వాషింగ్ మెషీన్ల మేటాగ్ కుటుంబం 1941 నుంచి ఆవుపాలతో బ్లూ చీజ్ చేయించింది. బట్టలుతికే యంత్రాలు అమ్మినవాళ్లే నెలల తరబడి ఓపికపట్టారు. మన హోమ్‌మేడ్‌కు పట్టేది మూడు నిమిషాలు. సొమ్మొకడిది, సోకొకడిది.

కొనుక్కోవడం తప్పని నేననడం లేదు. చీజ్ కొనాల్సిందే, ఎవరింట్లోనూ గుహ లేదు. కొన్నామని చెప్పడానికే నోరు రాదు. నిజంగా ఇంట్లోనే చేస్తామని పట్టుపడితే పనుంది. పాశ్చరైజ్ చేసిన గుడ్ల పచ్చసొనలో నూనెను చుక్కచుక్కగా వదులుతూ చెయ్యి లాగేదాకా గిలక్కొట్టాలి. తొందరపడి ధారగా పోస్తే విరిగిపోతుంది. చిదిమిన డబ్బా కాకుండా చీజ్ ముక్క కొని, సగం మెత్తగా మెదిపి, సగం పలుకులుగా వదిలేయాలి. నిమ్మరసం పిండి, ఉప్పు జోలికి ఆఖర్న వెళ్లాలి, చీజ్‌లోనే కావలసినంత ఉంది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాలి.

తర్వాత నాలుగు రోజుల్లో తినేయాలి. ఇది ఎవరూ వినరు. సార్బేట్ లేదన్న గర్వంతోనే గిన్నెను ఫ్రిజ్‌లో వెనక్కి తోసి మూడు వారాలు మరిచిపోతారు. అప్పుడు మూత తీస్తే నీలం మరికాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వాటా మాత్రం నిఖార్సైన హోమ్‌మేడ్.