నిలబడండి, ముందు మెట్లెక్కండి

సొంత కాళ్ల మీద నిలబడండి, రుణమిస్తామని సర్కారు పిలిచింది. మహారాష్ట్రలోని పద్మనగర్‌లో కండెలు చుట్టే పోలియో అన్న ఊతకర్ర అందుకున్నాడు.

బడిలో 35 వస్తే పాస్. ఇక్కడ 40 శాతం రావాలి. వైకల్యం 39 దగ్గర ఆగితే ఫెయిలే. సప్లిమెంటరీకి రెండో కాలు సిద్ధం చేసుకోవాలి కాబోలు!

అన్న గట్టెక్కాడు. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. ఎక్కితే, ‘ఆన్‌లైన్‌లో పెట్టుకో’ అన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే, ‘ఒరిజినల్స్ తీసుకుని పైకి రా’ అన్నారు.

దివ్యాంగుల జాతీయ కార్పొరేషన్ 50 లక్షల దాకా ఇస్తుందట. అన్న అడిగింది రెండు పాత సాంచాలకు, అంటే మరమగ్గాలకు. జామీను కావాలన్నారు. సాంచా ముందు పన్నెండు గంటలు నిలబడేవాళ్లు గల్లీ నిండా ఉన్నారు. జామీను నిలబడేవాడే దొరకలేదు.

పక్కింటి మామ చెవులు ముప్పయ్యేళ్ల సాంచాల చప్పుడుకే పోయాయి. ఆయనా రుణానికి పెట్టుకుంటే, ఇంటర్వ్యూకి ఫోన్‌లో పిలిచారు. ఎత్తలేదని ఫైలు మూసేశారు.

ప్రగతి లేదనకండి. 1995 చట్టంలో వైకల్యాలు 7, 2016 చట్టంలో 21. కార్పొరేషన్ పేరులో ‘హ్యాండికాప్డ్’ పోయి ‘దివ్యాంగజన్’ వచ్చింది. మహారాష్ట్రకు 2022లో ఏకంగా ప్రత్యేక శాఖే వచ్చింది. లిఫ్టొక్కటే దారిలో ఉంది.

చివరికి అన్నకు అప్పు దొరికింది, గల్లీ చివర వడ్డీ సేఠ్ దగ్గర. మెట్లు లేవు, ఫారాలు లేవు. శాతం ఎంతని ఆయన అడగలేదు. తనే చెప్పాడు: నెలకు 5.