ఉచిత కోర్సు చేసి కూడా ఏమీ తెలుసుకోకుండా ఉండటం ఎలా?

దూరవిద్యలో చేరదామనుకునేవాళ్లకి ఈ మధ్య అందరూ ఇచ్చే సలహా ఒకటే. ముందు ఆన్‌లైన్‌లో ఏదో ఒక ఉచిత కోర్సు చేసి చూడు, నీకు నప్పితే అప్పుడు ఫీజు కట్టు. సలహా మంచిదే. చిక్కల్లా, దాన్ని బుద్ధిగా పాటిస్తే మన సంగతి మనకి తెలిసిపోతుంది. అంతదాకా రానివ్వకుండా ఉండాలంటే కొంత మెలకువ కావాలి.

మొదట కోర్సు ఎంపిక. ఐఐటీల ఎన్‌పీటెల్ 2003లో మొదలైన పాఠాల పథకం. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన స్వయం పోర్టల్లో దాదాపు అన్ని సబ్జెక్టులూ ఉన్నాయి. పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు. ఇన్ని ఉన్నా, మీరు చేరబోయే డిగ్రీకి దగ్గరగా ఉన్నదాని జోలికి మాత్రం వెళ్లొద్దు. ఎమ్మే ఎకనామిక్స్ చేద్దామనుకునేవాళ్లు పైథాన్ తీసుకోవాలి. ఎంబీఏ వాళ్లకి ఫొటోగ్రఫీ శ్రేష్ఠం. అదీ ఒక్కటి కాదు, ఒకే రాత్రి ఆరేడింటిలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత లోపలికి వెళ్లకపోయినా నామోషీ పడనక్కర్లేదు. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల్లో పేరిచ్చినవాళ్లలో సగానికి పైగా ఒక్కసారైనా పాఠం తెరవలేదని 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. మీరు ఎవరి సరసన ఉన్నారో చూసుకోండి.

ఒకవేళ తెరిచారే అనుకుందాం. వీడియో వేగం 1.75లో పెట్టండి. ప్రొఫెసర్‌గారు సమీకరణం సగం రాసి, ‘ఇక్కడ వీడియో ఆపి, మిగతాది మీరే చేసి చూడండి’ అంటారు. ఆపకూడదు. కోర్సు మొత్తంలో ప్రమాదకరమైన చోటు ఇదే. ఆపితే కాగితం తేవాలి, కలం వెతకాలి, తీరా మొదటి లైను దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఆపకుండా ఉంటే నాలుగు క్షణాల్లో ఆయనే జవాబు రాసేస్తారు. అప్పుడు తల ఊపి ‘నేనూ అదే అనుకున్నా’ అనుకుంటే సరిపోతుంది. ఈ తల ఊపడం బాగా అలవాటయితే ఎంత కష్టమైన సబ్జెక్టయినా తేలిగ్గానే అనిపిస్తుంది, పరీక్ష హాలు దాకా.

అసైన్‌మెంట్ల సంగతి కాస్త లెక్కగా చూసుకోవాలి. ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సులో వారానికొకటి ఇస్తారు. వాటిలో ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిదింటి సగటుకి 25 మార్కులు, చివరి పరీక్షకి 75. అంటే నాలుగు ఎగ్గొట్టే హక్కు మీకుంది. ఆ నాలుగూ మొదటి నాలుగే అయ్యేలా చూసుకోండి. ఐదో వారానికి మిగిలిన ఎనిమిదీ తప్పనిసరి అవుతాయి, ఆ వారమే ఆఫీసులో ఆడిటో, ఇంట్లో పెళ్లో వస్తుంది, మీ ప్రమేయం లేకుండా కథ ముగిసిపోతుంది. అది చాలక ఇంకా పట్టుదలగా ఉన్నవాళ్లకి టెలిగ్రామ్ గ్రూపుల్లో జవాబులు దొరుకుతాయి. చివరి పరీక్షకి మాత్రం ఫీజు కట్టి, సెంటర్‌కి వెళ్లి కూర్చోవాలి. అక్కడికి టెలిగ్రామ్ రాదు.

కోర్సులో చేరిన సంగతి బంధువులందరికీ ముందే చెప్పడం మంచిది. పెళ్లి భోజనాల దగ్గర పిన్ని అడుగుతుంది. ‘ఏరా, ఏదో కంప్యూటర్లో చదువుతున్నావటగా, ఎంతదాకా వచ్చింది?’ ‘నడుస్తోంది పిన్నీ.’ ‘మరి పరీక్షలెప్పుడు?’ ఇక్కడ సాంబారు వడ్డించేవాణ్ని గట్టిగా పిలవాలి.

ఇక అసలు దాచిపెట్టాల్సిన రహస్యం వేరే ఉంది. దూరవిద్య రుచి చూడటానికి వీడియో కోర్సు కూడా అక్కర్లేదు. ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈ-జ్ఞానకోశ్ సైట్లో ఉచితంగా ఉన్నాయి. మీరు ఫీజు కట్టబోయే ఎమ్మే పుస్తకమే తెరిచి చూడొచ్చు. యూనిట్ మధ్యమధ్యలో ‘ఎంతవరకు నేర్చుకున్నారో చూసుకోండి’ అంటూ ఒక ప్రశ్న, దాని కింద జవాబు రాయడానికి చుక్కల గీతలు ఉంటాయి. ఒక యూనిట్ చదివి, ఆ గీతల మీద రాయాల్సింది పుస్తకం చూడకుండా చేత్తో రాస్తే, రెండేళ్లు నెట్టుకురాగలమో లేదో ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఇగ్నోలో అసైన్‌మెంట్లు చేత్తో రాసే ఇవ్వాలి, చాలా కోర్సుల్లో మార్కుల్లో 30 శాతం దాకా వాటివే. టీచరు ఎదురుగా ఉండడు, పక్కన బెంచీ ఉండదు, ఉండేది మీరూ ఆ చుక్కల గీతలూ. కాబట్టి ఆ సైటు పేరు ఎవరికీ చెప్పకండి.

విశ్వవిద్యాలయం ఎంపికలోనూ ఏమీ తెలుసుకోకూడదన్నదే నియమం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పెట్టారు, ఇప్పుడది హైదరాబాద్‌లో అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. అలాంటివాటి ప్రాస్పెక్టస్ చదువుతూ కూర్చుంటే కాలం వృథా. టిఫిన్ సెంటర్ పైన, మెట్ల పక్కన ‘సింగిల్ సిట్టింగ్ డిగ్రీ’ అని ఫ్లెక్సీ కట్టిన ఆఫీసుకి నేరుగా వెళ్లండి. యూజీసీ అనుమతించిన సంస్థల జాబితా ఇంటర్నెట్లో ఉంటుంది, చూడొద్దు. ఇంజినీరింగు, వైద్యం, నర్సింగు దూరవిద్యలో చెప్పడానికి వీల్లేదని యూజీసీ అంటుంది, పట్టించుకోవద్దు. ఇప్పుడు యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే డెబ్ ఐడీని విద్యార్థి తానే తీసుకోవాలన్న నియమం కూడా వచ్చింది. దానికీ దిగులు లేదు. ‘ఓటీపీ మాకు చెప్పండి సార్, మిగతాది మేం చూసుకుంటాం’ అంటాడు కౌంటర్లో కుర్రాడు. ఇంత ఆప్యాయత ఏ ప్రభుత్వ స్టడీ సెంటర్లోనూ దొరకదు.

ఫీజు విషయంలో తొందరపడొద్దు. దరఖాస్తుల గడువు పొడిగించడం ఇక్కడ మామూలే. మొదటి చివరి తేదీ వెళ్లాక, రెండో చివరి తేదీ వచ్చేలోగా ఇంకో రెండు ఉచిత కోర్సుల్లో పేరివ్వడానికి తీరిక దొరుకుతుంది.