ముందు చేయి కడుక్కున్నవాడే పుణ్యాత్ముడు

కాలిఫోర్నియాలో నేలను పాడుచేసినవాడు పుణ్యాత్ముడు కావాలంటే ఉపవాసాలు, తీర్థయాత్రలు అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 877.6 సెక్షన్ కింద ఓ దరఖాస్తు చాలు. వాదితో రాజీపడి, చెక్కు రాసిచ్చి, ఇది సద్భావంతో కుదిరిన ఒప్పందమేనని జడ్జిగారి చేత అనిపించుకుంటే, దామాషా వాటా తేల్చమని తోటి ప్రతివాదులు ఇక అతని గుమ్మం తొక్కలేరు.

డ్రైక్లీనింగ్ కేసులే చూడండి. బట్టల మరకలు తీసే పెర్క్ అనే ద్రావకం నీళ్ళకంటే బరువు. పాత యంత్రాల నుంచి, మురుగు గొట్టాల అతుకుల నుంచి జారి భూగర్భజలాల అడుగున మకాం వేస్తుంది. ఈలోగా పైన దుకాణం నాలుగు చేతులు మారుతుంది. కేసు పడేసరికి పాత ఓనరు, కొత్త ఓనరు, అద్దెకున్నవాడు, యంత్రం చేసినవాడు, ద్రావకం అమ్మినవాడు, గొట్టాలు వేసిన నగరపాలక సంస్థ అందరూ బోనులోనే. అందరూ అమాయకులే.

ఇక్కడే నాకు మహా ఇష్టమైన వృత్తి ఒకటి పుట్టింది: బీమా పురావస్తు పరిశోధన. వేళాకోళం కాదు, నిజంగానే ఉంది. 1986 ప్రాంతంలో బీమా కంపెనీలు కాలుష్యాన్ని పాలసీల్లోంచి పూర్తిగా గెంటేశాయి. దాంతో అంతకు ముందునాటి కాగితం ప్రతిదీ బంగారమైంది. ఈ పరిశోధకులు అటకలు ఎక్కుతారు, మూతపడ్డ కంపెనీల దస్తరాలు తిరగేస్తారు, పాత ప్రీమియం రసీదులు దులుపుతారు. పాలసీ దొరికిన రోజున ప్రతివాదిలో సద్భావం పొంగిపొర్లుతుంది. ఎందుకు పొర్లదు, డబ్బు తనది కాదు కదా!

ఇంతకీ ఎంతివ్వాలి? 1985లో టెక్‌బిల్ట్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు దారి చూపింది. నష్టం మొత్తం ఎంత, అందులో ఇతని వాటా సుమారుగా ఎంత, ఆస్తీ బీమా ఏపాటివి, లోపాయికారీ ఏమైనా నడిచిందా చూడమంది. విచారణలో ఓడితే కట్టేదానికంటే రాజీలో తక్కువే కట్టాలని కూడా ఒప్పుకుంది. అంటే డిస్కౌంటు చట్టబద్ధం. బేస్‌బాల్ దేశం కదా, రాజీ సొమ్మనే బంతి గురికి తగలక్కర్లేదట, మైదానం ప్రహరీ లోపల పడితే చాలట.

ప్రహరీ దాటిందని రుజువు చెయ్యాల్సింది అభ్యంతరం చెప్పినవాడే. రాజీ నోటీసు పోస్టులో వేస్తే అభ్యంతరానికి గడువు 25 రోజులు. ఎవరూ నోరెత్తకపోతే జడ్జి లోతుకు వెళ్ళనక్కర్లేదని 1987లో అప్పీలు కోర్టు సెలవిచ్చింది. లోతుకు వెళ్ళే పని పెర్క్ చూసుకుంటుంది.

రాజీలే వద్దనను. అవి లేకపోతే సొమ్మంతా నిపుణుల సాక్ష్యాలకే సరిపోతుంది. కానీ మిగిలినవాళ్ళ బాకీలో తగ్గేది రాజీపడ్డవాడిచ్చిన సొమ్ము మేరకే, అతని అసలు వాటా మేరకు కాదు. పది ఇవ్వాల్సినవాడు నాలుగిచ్చి లేస్తే, ఆ ఆరూ కూర్చున్నవాళ్ళ నెత్తిన. అలా ఒక్కొక్కరూ సద్భావంతో లేచిపోగా చివరికి చిక్కేది ఎక్కువ తప్పు చేసినవాడేమీ కాదు, లాయరు మాట ఆలస్యంగా విన్నవాడు.

అన్నట్టు, ఈ సద్భావ ముద్ర చెల్లేది ప్రతివాదుల మధ్య తగవులోనే. ఆ దావాలో లేని ప్రాంతీయ నీటి నాణ్యతా బోర్డు, నేల శుద్ధి చెయ్యమని తన ఆర్డరు తాను పంపగలదు. అది అందగానే మన పుణ్యాత్ముడు వెతికేది బావిని కాదు, అటకమీద మిగిలిపోయిన పాత పాలసీల రెండో పెట్టెను.