రంగూను టేకుపెట్టె ఆత్మకథ

నల్లమాడలో నొక రైతు యింట, విత్తనపు చెనిక్కాయల గోనెసంచుల నడుమ, మూతపై జానెడు కత్తిగాటుతో పడియున్న నన్ను చూచువారికి, నేను బర్మా యడవులలోని టేకుమ్రానున పుట్టి, రంగూను వీథిలో నొక చీనా వడ్రంగి చేతిలో రూపు దాల్చితినని తోచదు. ఆ యింట అద్దెకున్న బడిపంతులుగారి భార్యను, కాయలు ఒలువవచ్చిన ముసలమ్మ యొకతె, "అయివారమ్మా, ఈ పెట్టి ఇంత బరువుండాదే, యేముండాది ఇందులో?" అని యడిగినపుడు, ఆమె "మా మావగారు రంగం నుంచి తెచ్చుకున్నదమ్మా, అన్నీ కాయితాలే" అని చెప్పి యూరకుండెను. ఆ కాగితముల చరిత్రయే నా చరిత్ర.

నా యజమాని భీమునిపట్నము రేవున ఓడ యెక్కి, దారిఖర్చులకు మేస్త్రీయొద్ద అప్పుపడి, రంగూనునకు మూటలు మోయ వచ్చిన యువకుడు. నాలుగక్షరములు నేర్చినవాడగుటచే, కొన్నాళ్లకు మేస్త్రీ యతనికి కూలీల పద్దు వ్రాయు పని యప్పగించెను. 1931 జనాభాలెక్కల నాటికి ఆ నగరమున నాలుగు లక్షల మంది యుండగా, అందు సగమునకు మించి భారతీయులే. మన కూలీలను బర్మీయులు కొరింగీలని పిలిచిరి; గోదావరి కడనున్న కోరంగి రేవు పేరు శ్రీకాకుళము వానికిని విశాఖపట్టణము వానికిని గూడ నంటుకొన్నది. పగటివాడు లేచిపోయిన చాపమీద రాత్రిపనివాడు వచ్చి పరుండు ఆ బారకులో, అందరి మనియార్డరు రసీదులును నా కడుపుననే భద్రముగా నుండెడివి. సరకెత్తు కొక్కెము మాత్రము ఎవరిది వారు తలాపున పెట్టుకొని నిద్రించెడివారు. దానితో బియ్యపు బస్తాను లాగి వీపున వేసికొనుటయే వారి బ్రతుకు.

1930 మే 5వ తేదీన గాంధీమహాత్ముని నిర్బంధించిరి. ఆ రాత్రియే భూకంపము పెగూ పట్టణమును నేలమట్టము చేసి రంగూనును గూడ గడగడలాడించెను. ఆ దినములలోనే మా తెలుగు కూలీలు కూలి పెంపుగోరి పని మానిరి. ఓడసరకుల గుత్తదారులు వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. ఆ వచ్చినవారును మావారివలెనే పొట్టచేత పట్టుకొని వచ్చినవారని నేను మరువజాలను. మూడు వారములు కాకమునుపే గుత్తదారులు కొంత కూలి పెంచి మావారితో రాజీపడగా, 26వ తేదీ యుదయమున యథాప్రకారము రేవునకు వచ్చిన బర్మీయులకు నేడు పని లేదన్న మాట వినబడెను. మాటకు మాట పెరిగెను, చేతులు లేచెను, కొక్కెములును కత్తులును లేచెను. సంజవేళకు ఆ కల్లోలము మా వీథి చేరెను. బారకు తలుపు విరుగగొట్టి వచ్చినవాని పొడుగుకత్తి, నా చాటున నక్కిన యజమాని తలకు గురిచేసినది, నా మూతపై దిగబడెను. దానిని పెరుకుటకు వాడు రెండుసార్లు లాగవలసివచ్చెను. ఆ రెండవ లాగుడునకు పట్టిన క్షణకాలములోనే నా యజమాని కిటికీనుండి దుమికి ప్రాణము దక్కించుకొనెను.

వేలకొలది తెలుగువారు పాత పిచ్చాసుపత్రి యావరణలో తలదాచుకొనిరి. వేలకొలది ఓడలెక్కి తరలిపోయిరి. ప్రభుత్వము సైన్యమును దించి వీథులను శాంతింపజేసెను. రేవుపనిలో ఇరుజాతులవారికిని చోటుండునట్లు సర్దుబాటు జరిగెను. మృతులు నూరుగురని కొందరును, రెండు వందలు దాటిరని కొందరును చెప్పిరి. మా బారకునకు తిరిగిరానివారు ఏడుగురు. వారి పేర్లను, ఊళ్లను, మేస్త్రీకి మిగిలిన బాకీలను యజమాని యొక కాగితముపై వ్రాసి నా మూత లోపలివైపున అంటించెను. ఎవరైన అధికారి వచ్చి యడుగునని చాలకాల మెదురుచూచెను. ఎవరును మా మెట్లెక్కలేదు. ఇక్కడ నల్లమాడ రచ్చకట్టపై పెద్దలు తగవు విచారించునపుడు, ముందు చేయి చేసికొన్నదెవరని యడుగుట వినుచుందును. అది తప్పు ప్రశ్న కాదు. కాని ఒక్క మూటకు ఇద్దరు ఆకలిగొన్నవారిని పోటీగా నిలబెట్టినదెవరని గూడ ఆనాడు రంగూనులో అడుగవలసియుండెను.

ఆ ప్రశ్న యెనిమిదేండ్లకు గాని రాలేదు. 1938 జూలై 26న, బౌద్ధమును దూషించెనన్న యొక ముస్లిము రచయిత పుస్తకమునకు నిరసనగా ష్వెడగాన్ పగోడాయొద్ద సభ జరిగి, అందుండి వెడలిన ఊరేగింపు మరల చిచ్చు రేపెను. ఈమారు దెబ్బ ముఖ్యముగా ముస్లిములపై బడి, జిల్లాలకు ప్రాకెను. ప్రభుత్వము జస్టిస్ బ్రాండ్ అధ్యక్షతన, బర్మీయులును ముస్లిములును సభ్యులుగా, విచారణసంఘమును నియమించెను. ఆ సంఘము పుస్తకముతో తృప్తిపడక, తన మధ్యంతర నివేదికలో భూములు కర్షకుల చేయిజారి, అప్పులిచ్చిన చెట్టియార్ల పాలగుటను, భారతీయులను వివాహమాడిన బర్మీయ స్త్రీల దుస్థితిని, వలసలపై నానాటికి పెరిగిన భయమును, పత్రికల విషపు వ్రాతలను వరుసగా పరిశీలించెను. 1939లో తుది నివేదిక వెలువడెను. కోపమునకు కారణము వెదకుట కోపమును సమర్థించుట కాదని యెరిగి పనిచేసిన ఆ సంఘముపై నాకు గౌరవము కలదు.

వలసల నిజానిజములు తేల్చుటకు పిమ్మట జేమ్స్ బాక్స్‌టర్ అను అధికారిని నియమించిరి. ఊ టిన్ టుట్, రతిలాల్ దేశాయి అతనికి తోడ్పడిరి. 1940లో ఆయన సమర్పించిన నివేదిక ప్రకారము, భారతీయ శ్రామికులు బర్మీయుల పనిని లాగికొనినవారు గారు, ఆ దేశపు శ్రమకు తమ శ్రమను జోడించినవారు. ఆ నివేదికాంశములు అచ్చైన పత్రికముక్కను యజమాని నాలో దాచుకొని, ఆ మాట క్రింద సీసపుకడ్డీతో రెండు గీతలు గీసెను. 1930 మే నెలలో రేవు గోడపై ఇరుభాషలలోను అంటింపదగిన మాట యది! దాని వెంట 1941లో వచ్చిన ఇండియా-బర్మా ఒడంబడిక మాత్రము వలసలను బిగించుటకే పూనుకొన్నది. ఆ సంవత్సరము డిసెంబరు 23న జపాను బాంబులు రంగూనుపై పడెను. లక్షలాది జనము కొండలు, అడవులు పట్టి కాలినడకను పోవుచుండగా, మాకు 1942 ఆరంభమున ఓడ డెక్కుపై చోటు దొరకుట అదృష్టము.

యజమాని గతించెను. కుమారుని యుద్యోగము నన్ను ఈ యెర్రనేలకు తెచ్చినది. చెనిక్కాయ దుమ్ము నా గాటులో నిండిపోయినది. మూత లోపలి కాగితమునకు నూనె మరక యంటి, అయిదవ పేరు మసకబారినది. మొన్న నాదివారమున పంతులుగారు నన్ను వాకిటి వెలుతురులోనికి లాగి, కలమును సిరాలో ముంచి, ఆ పేరును, దాని ప్రక్కనున్న పదమూడు రూపాయల బాకీని, తండ్రి వ్రాతకు తగినట్లుగా మెల్లమెల్లగా దిద్దిరి.